పిత్తాశయం తీసేశాక మిగిలే కడుపునొప్పి

పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేసి దాన్ని తీసేసిన తర్వాత కూడా కొందరికి కడుపునొప్పి పోదు. ఇంకొందరికి కొన్ని నెలలు హాయిగా గడిచి, మళ్లీ అదే చోట, కుడి పక్కటెముకల కింద, పోటు మొదలవుతుంది. వైద్యగ్రంథాలు ఈ బాధలన్నింటినీ కలిపి పోస్ట్ కోలెసిస్టెక్టమీ సిండ్రోమ్ అంటాయి. 1947లో అమెరికన్ సర్జన్లు వోమాక్, క్రైడర్ రాసిన వ్యాసంతో ఈ చర్చకు ఒక రూపం వచ్చింది. పేరు ఒకటే అయినా దాని కింద ఇరవైకి పైగా వేర్వేరు కారణాలున్నాయి. కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి, కొన్నింటికి మాత్రలు చాలు, కొన్నింటికి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఆ పేరు రాసి మందులిచ్చి పంపితే రోగం తేలినట్టు కాదు. అసలు వెతుకులాట అక్కడినుంచే మొదలుకావాలి.

ఈ బాధ ఎందరికి ఉంటుందన్న ప్రశ్నకు అధ్యయనాలు నూటికి 5 నుంచి 40 దాకా రకరకాల సంఖ్యలు చెబుతాయి. ఇంత తేడా రావడానికి కారణం ఉంది. అజీర్తి, పొట్ట ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు కూడా లెక్కలోకి తీసుకుంటే సంఖ్య పెరుగుతుంది. ఆసుపత్రికి పరుగెత్తించేంత తీవ్రమైన నొప్పినే లెక్కిస్తే బాగా తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 24 ఆసుపత్రుల్లో 1,067 మందిపై జరిగిన సెక్యూర్ అధ్యయనం 2019లో వెలువడింది. రాళ్లతోపాటు కడుపునొప్పి ఉన్నవాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టులో కచ్చితమైన పిత్తాశయ నొప్పి లక్షణాలున్నవారికే ఆపరేషన్ చేయాలని నియమం పెట్టారు. రెండో జట్టును డాక్టర్ల మామూలు పద్ధతికి వదిలేశారు. ఏడాది తర్వాత నొప్పి పూర్తిగా లేనివారు మొదటి జట్టులో నూటికి 56 మంది, రెండో జట్టులో 60 మంది. ఏ పద్ధతి పాటించినా పదిమందిలో నలుగురికి ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంది. 2023లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం సీ గాల్ 434 మందిని తీసుకుని, ఆపరేషన్‌కు పంపినవారినీ మందులతో వేచిచూసినవారినీ పోల్చింది. ఏడాదిన్నర కాలంలో రెండు జట్ల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

వీటిని బట్టి ఆపరేషన్ వృథా అనుకోవడం పొరపాటు. పిత్తాశయం వాచి చీము పట్టినవారికి, రాయి జారి క్లోమం వాచినవారికి, కామెర్లు వచ్చినవారికి ఆపరేషన్ తప్పనిసరి. పై లెక్కలు చెప్పేది వేరే సంగతి. స్కానింగ్‌లో కనిపించిన ప్రతి రాయీ నొప్పికి కారణం కాదు. రాళ్లున్నవారిలో చాలామందికి జీవితాంతం వాటివల్ల ఏ బాధా ఉండదు. అలాంటి మనిషికి గ్యాస్ట్రిక్ అల్సర్ నొప్పి వచ్చి, స్కానింగ్‌లో రాళ్లు కనబడి, పిత్తాశయం తీసేస్తే, అల్సర్ నొప్పి యథాతథంగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత మిగిలే నొప్పిలో పెద్ద వాటా ఇదే.

చెన్నైలో టి. నగర్ రూపుదిద్దుకుంటున్న ఏళ్లలోనే, రాయి కనబడితే నొప్పి దానిదే అనుకునే ఈ చిక్కుకు బీజం పడింది. ఆ రోజుల్లోనే, 1924లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం, వారెన్ కోల్ పిత్తాశయాన్ని ఎక్స్‌రేలో కనబడేట్టు చేసే పద్ధతి కనిపెట్టారు. అంతకు 42 ఏళ్ల ముందు, 1882 జులైలో, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ మొట్టమొదటి పిత్తాశయ తొలగింపు చేసినప్పుడు సర్జన్లకు ఆధారం రోగి చెప్పిన లక్షణాలూ, చేతి స్పర్శే. గ్రాహం, కోల్ తర్వాత రాళ్లను కంటితో చూడడం మొదలైంది. అల్ట్రాసౌండ్ వచ్చాక అది ఇంకా సులువైంది. ఇప్పుడు టి. నగర్‌లో జి.ఎన్. చెట్టి రోడ్డు చుట్టుపక్కల ఏ ల్యాబ్‌కు వెళ్లినా ఉదయం పరగడుపున స్కానింగ్ చేయించుకుని మధ్యాహ్నానికి రిపోర్టు తెచ్చుకోవచ్చు. రాయిని చూడడం ఎంత తేలికైందో, ఈ నొప్పి ఆ రాయిదేనా అని తేల్చడం ఇప్పటికీ అంత కష్టంగానే ఉంది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపునుంచి ఆపరేషన్ల కోసం చెన్నైకి వచ్చే తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. టి. నగర్‌లోనో కోడంబాక్కంలోనో బంధువుల ఇంట్లో దిగి, ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విప్పించుకుని ఊరికి వెళ్లిపోతారు. మూడు నెలలకు నొప్పి వస్తే చూపించుకునేది సొంత ఊళ్లో, వేరే డాక్టరుకు. ఆ డాక్టరు చేతిలో ఆపరేషన్ ఎలా జరిగిందో చెప్పే కాగితం ఉండదు. రోగి చెప్పగలిగేది “లేజర్ ఆపరేషన్ చేశారు” అన్న మాటే. నిజానికి అది లేజర్ కాదు, కెమెరాతో చేసే లాపరోస్కోపీ. ఆపరేషన్ ఒకచోట, అనంతర చికిత్స మరోచోట కావడం వల్ల నొప్పి కారణం తేలడానికి పట్టే సమయం బాగా పెరుగుతుంది. సర్జన్ పిత్తాశయం మొత్తం తీశాడా, వాపు ఎక్కువగా ఉండి కొంత భాగం వదిలేశాడా అన్నది ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. మూడేళ్ల తర్వాత వచ్చే నొప్పికి ఆ ఒక్క వాక్యమే జవాబు కావచ్చు.

పైత్యరసం కొత్త దారి

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. పిత్తాశయం పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. కానీ వచ్చిన రసంలో నీటిని పీల్చేసి చిక్కబరిచి నిల్వ ఉంచుకుంటుంది. నూనె, నెయ్యి ఉన్న భోజనం కడుపులోకి వెళ్లగానే ముడుచుకుని ఆ చిక్కటి రసాన్ని పిత్తనాళంలోకి తోస్తుంది. నాళం చివర, చిన్నపేగులోకి తెరుచుకునే చోట, మూసి తెరిచే కండర వలయం ఉంటుంది. 1887లో ఇటలీలో వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే రుగ్గేరో ఒడ్డి దాన్ని వర్ణించాడు. నేటికీ అది ఒడ్డి వలయమే.

పిత్తాశయం తీసేశాక రసం నిల్వ ఉండకుండా నేరుగా పేగులోకి పారుతూ ఉంటుంది. జీర్ణశక్తి పోదు. కాలేయం పనిలో మార్పు ఉండదు. పిత్తనాళం కొంత వెడల్పు కావచ్చు. మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు ఉండే నాళం 10 దాకా పెరిగినా, నొప్పి లేకుండా లివర్ పరీక్షలు మామూలుగా ఉంటే దాన్ని రోగంగా చూడరు. స్కాన్ రిపోర్టులో నాళం వెడల్పైందన్న మాట చదివి భయపడేవారు ఎందరో. ఆ మాట ఒక్కటే ఆపరేషన్‌కు గానీ ఎండోస్కోపీకి గానీ కారణం కాదు.

నూటికి పదిమంది దాకా విరేచనాలతో బాధపడతారు. తిన్న వెంటనే బాత్రూముకు పరుగెత్తాల్సి రావడం, పసుపుపచ్చని నీళ్ల విరేచనం, బొడ్డు చుట్టూ మెలిపెట్టడం దీని లక్షణాలు. పేగులోకి ఎడతెగకుండా పారే పిత్త ఆమ్లాలు పెద్దపేగును రేపడం వల్ల ఇలా జరుగుతుంది. కొలెస్టిరమైన్ అనే పొడి వాటిని పట్టి ఉంచుతుంది. సరిపడేవారికి కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఇతర మందులను ఈ పొడితో కలిపి వేసుకుంటే అది వాటినీ పట్టేస్తుంది కాబట్టి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. ఈ చిన్న మందు సంగతి తెలియక ఏళ్ల తరబడి పెరుగన్నంతో గడుపుతూ, పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ దూరమైనవారు ఉంటారు. ఇది తేలిగ్గా నయమయ్యే బాధ కాబట్టి మొదటే అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

మొదటి రోజులు, మొదటి వారాలు

కెమెరా ఆపరేషన్‌ను 1985 సెప్టెంబరులో జర్మనీలో ఎరిక్ మ్యూ మొదటిసారి చేశాడు. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే చేసిన తర్వాత ప్రపంచమంతా పాకింది. భారతదేశంలో 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో తెహెమ్టన్ ఉద్వాడియా ప్రారంభించారు. కుడి పక్కటెముకల కింద జానెడు కోతకు బదులు నాలుగు చిన్న గాట్లు సరిపోయాయి. మనిషి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి చేరుతున్నాడు.

ఇంటికి వెళ్లాక మొదటి రెండు మూడు రోజులు కుడి భుజం లాగుతుంది. కడుపు ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ గాలి ఉదరవితానం కింద రేపే నొప్పి అది. లేచి నడిస్తే తగ్గుతుంది. బొడ్డు దగ్గరి కుట్టు వారం పది రోజులు నొస్తుంది. ఈ దశలో గమనించాల్సింది నొప్పి ఎంత ఉందని కాదు, ఎటు వెళుతోందని. ప్రతి రోజూ నిన్నటికన్నా తగ్గుతుంటే భయం లేదు. మూడో రోజో నాలుగో రోజో నొప్పి పెరగడం, పొట్ట బిగుసుకుని ఉబ్బడం, తిండి సయించకపోవడం, జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం కనిపిస్తే పైత్యరసం లోపల కారుతోందేమోనని అనుమానించాలి. పిత్తాశయం కాడకు వేసిన క్లిప్పు జారినా, కాలేయాన్ని అంటిపెట్టుకున్న సన్నని నాళం తెగినా ఇలా అవుతుంది. రసం కారుతున్నా మొదట్లో పొట్ట గట్టిపడకపోవచ్చు, అందువల్ల మోసపోవడం సులువు. “గ్యాస్ పట్టింది” అని సోడా తాగించడం ఈ సమయంలో చేయకూడని పని. ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే అదే రోజు వెళ్లి స్కాన్ తీయించాలి. సకాలంలో గుర్తిస్తే నాళంలో స్టెంటు వేసి, చేరిన రసాన్ని గొట్టంతో బయటికి తీసి సరిచేస్తారు.

ఇంతకన్నా తీవ్రమైనది ముఖ్య పిత్తనాళానికే దెబ్బ తగలడం. కెమెరా ఆపరేషన్లలో వెయ్యికి మూడు నుంచి అయిదు చోట్ల ఇది జరుగుతుందని అంచనా. దీన్ని నివారించడానికి 1995లో అమెరికన్ సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ ఒక కట్టుబాటు ప్రతిపాదించాడు. ఏ గొట్టాన్నీ కోయకముందు పిత్తాశయం మెడ దగ్గరి త్రికోణంలో కొవ్వూ పొరలూ పూర్తిగా తొలగించాలి. పిత్తాశయం కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీయాలి. అప్పుడు పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక రక్తనాళం, కనబడాలి. కనబడకపోతే కోయకూడదు. వాపు ఎక్కువగా ఉన్న కేసులో అవి కనబడకపోతే పిత్తాశయంలో కొంత భాగం వదిలేయడమో, కెమెరా పక్కనపెట్టి పెద్ద కోతకు మారడమో చేస్తారు. పెద్ద కోతకు మారిన సర్జన్‌ను చేతకానివాడిగా చూసే బంధువులు ఒకటి గ్రహించాలి. ఆ నిర్ణయంతో ఆయన రోగిని కాపాడినట్టే.

ఈ దెబ్బ ఎంతదూరం వెంటాడుతుందో బ్రిటన్ నాయకుడు ఆంథొనీ ఈడెన్ జీవితం చూపిస్తుంది. 1953 ఏప్రిల్‌లో లండన్‌లో ఆయన పిత్తాశయం తీసినప్పుడు పిత్తనాళం దెబ్బతింది. ఆ ఏడాది జూన్‌లో బోస్టన్‌కు వెళ్లి రిచర్డ్ కాటెల్ చేత నాళాన్ని సరిచేయించుకున్నాడు. అయినా వణుకుతో జ్వరాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ప్రధానమంత్రిగా 1956 సూయజ్ సంక్షోభం నడుపుతున్న రోజుల్లోనూ తీవ్ర జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. 1957లో మళ్లీ బోస్టన్‌కు వెళ్లి ఇంకో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. నాళం మచ్చకట్టి సన్నబడితే పైత్యరసం నిలిచి, దానిలో క్రిములు చేరి, చలిజ్వరం, కామెర్లు, కుడి డొక్కలో నొప్పి కలిసి వస్తాయి. ఆపరేషన్ జరిగి ఎన్నేళ్లయినా ఈ మూడూ కలిసి వస్తే దాన్ని పిత్తనాళ జ్వరంగానే చూడాలి.

భారతదేశంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన చిక్కు ఒకటుంది. విదేశీ పాఠ్యపుస్తకాల్లో దీనికి అంత చోటు దొరకదు. ఆపరేషన్ జరిగిన నెలకో రెండు నెలలకో, బాగా మానిపోయిన బొడ్డు దగ్గరి గాటు మళ్లీ గులాబీ రంగుకు తిరుగుతుంది. కింద శనగగింజంత గడ్డ చేతికి తగులుతుంది. పైన చిన్న రంధ్రం పడి పలచని నీరు కారుతుంది. మామూలు యాంటీబయాటిక్ వేస్తే ఆగినట్టే ఆగి, పక్కనే ఇంకో గడ్డ లేస్తుంది. క్షయ క్రిమికి దగ్గరి బంధువులైన మైకోబాక్టీరియాలు దీనికి కారణం. ఇవి నీళ్లలో బతుకుతాయి. కెమెరా పరికరాలను క్రిమిసంహారక ద్రవంలో తగినంతసేపు ఉంచకపోయినా, తర్వాత కడిగే నీరు శుభ్రమైంది కాకపోయినా గాట్లలోకి చేరతాయి. మామూలు చీము పరీక్షలో ఇవి దొరకవు. వీటికోసం ప్రత్యేకంగా కల్చర్ చేయించాలి. తేలాక క్లారిత్రోమైసిన్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి, కొన్నిసార్లు ఆ భాగాన్ని కోసి తీయాలి. “కుట్టు పగిలింది, ఆయింట్‌మెంట్ రాయండి” అన్న సలహాతో నెలలు పోగొట్టుకోకూడదు.

గోడలో నొప్పి, లోపలి నొప్పి

నొప్పి కడుపు లోపలిదా, కడుపు గోడదా అన్నది పడకపక్కనే తేల్చవచ్చు. ఫిలడెల్ఫియా సర్జన్ జాన్ కార్నెట్ 1926లో చెప్పిన పరీక్షకు యంత్రం అక్కర్లేదు, ఖర్చూ లేదు. రోగి వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్నచోటును ఒక్క వేలితో చూపిస్తాడు. డాక్టరు అక్కడ వేలు నొక్కి ఉంచి, చేతులు ఛాతీమీద కట్టుకుని తల, భుజాలు పైకెత్తమంటాడు. పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. లోపలి అవయవం నొప్పైతే బిగిసిన కండరం అడ్డుపడి నొప్పి తగ్గుతుంది. అదే గోడలోని నరం గాట్లో చిక్కుకున్నా, మచ్చలో ముడిపడినా, గాటు దగ్గర చిన్న హెర్నియా ఉన్నా నొప్పి అంతే ఉంటుంది, లేదా పెరుగుతుంది. నరం నొప్పి అయితే ఆ బిందువులో మత్తు ఇంజెక్షన్ వేస్తే నిమిషాల్లో ఉపశమనం కనిపిస్తుంది. మంచంమీద ఒక నిమిషంలో తేలే విషయం కోసం సీటీ, ఎంఆర్‌ఐ, ఎండోస్కోపీ అన్నీ చేయించుకుని, అన్నీ మామూలుగా ఉన్నాయని తెలుసుకుని, చివరికి నొప్పి మనసులోనిదేమోనని అనిపించుకున్నవారి బాధ చాలా పెద్దది.

లోపలి నొప్పుల్లో మొదట అనుమానించాల్సింది పిత్తనాళంలో మిగిలిపోయిన రాయిని. ఆపరేషన్‌కు ముందే రాయి నాళంలోకి జారిపోయి ఉంటుంది, లేదా ఆపరేషన్ సమయంలో జారుతుంది. అర్జెంటీనా సర్జన్ పాబ్లో మిరిజ్జి 1931లో ఆపరేషన్ బల్లమీదే నాళంలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీయడం మొదలుపెట్టింది ఈ రాళ్లను పట్టుకోవడానికే. రెండేళ్లలోపు బయటపడేవాటిని మిగిలిపోయిన రాళ్లుగా, ఆ తర్వాత వచ్చేవాటిని కొత్తగా ఏర్పడినవిగా లెక్కించడం వాడుక. ఈ విషయంలో దక్షిణాది రోగులపై కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం. ఉత్తర భారతంలో కొలెస్ట్రాల్ రాళ్లు ఎక్కువ. దక్షిణాన నల్లని, గోధుమరంగు పిగ్మెంట్ రాళ్ల వాటా ఎక్కువగా కనిపిస్తుంది. గోధుమరంగు రాళ్లు నాళంలోనే పుట్టగలవు, పిత్తాశయం లేకపోయినా. కాబట్టి “పిత్తాశయమే లేదు, రాయి ఎక్కడిది?” అన్న మాట సరికాదు.

పిత్తాశయం కొంత భాగం వదిలేసిన చోట, లేదా దాని కాడ సెంటీమీటరుకు మించి పొడవుగా మిగిలిన చోట, ఆ మిగులులోనే రాయి చేరి పాత నొప్పినే పూర్తిగా తిరిగి తెస్తుంది. మామూలు స్కానింగ్‌లో ఇది తప్పిపోవచ్చు. ఆపరేషన్ నోట్సు తెలిసిన డాక్టరు దాన్ని వెతికి పట్టుకుంటాడు. రెండో ఆపరేషన్‌తో ఈ నొప్పి చాలామందికి పోతుంది.

పిత్తనాళ నొప్పి స్వభావాన్ని, జీర్ణకోశ బాధలపై అంతర్జాతీయ నిపుణులు రూపొందించి 2016లో వెలువరించిన రోమ్ 4 ప్రమాణాలు ఇలా చెబుతాయి. నొప్పి పొట్ట పైభాగంలో నడుమ గానీ కుడివైపు గానీ వస్తుంది. క్రమంగా పెరిగి ఒక స్థాయిలో నిలుస్తుంది. కనీసం అరగంట ఉంటుంది. చేస్తున్న పని ఆపించేంత, లేదా ఆసుపత్రికి పంపేంత తీవ్రంగా ఉంటుంది. రోజూ రాదు, విడివిడి విడతలుగా వస్తుంది. విరేచనమైనా, భంగిమ మార్చినా, యాంటాసిడ్ వేసినా పెద్దగా తగ్గదు. రోజంతా సన్నగా ఉండి, తిన్నాక మంటగా మారి, జెలూసిల్‌తో తగ్గే నొప్పి ఇది కాదు.

పరీక్షల వరుస

నొప్పి లేనప్పుడు చేసిన పరీక్ష చాలాసార్లు ఏమీ చెప్పదు. పిత్తనాళం అడ్డుపడితే లివర్ ఎంజైములు నొప్పి మొదలైన కొద్ది గంటల్లో పెరిగి, అడ్డు తొలగగానే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి. అందుకే తీవ్రమైన నొప్పి వచ్చిన రోజే, వీలైతే ఆరు గంటల్లోపే, లివర్ పరీక్ష, క్లోమం వాపును తెలిపే లైపేజ్ పరీక్ష చేయించుకోవడం ఎంతో విలువైనది. చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ రాత్రిపూట కూడా ఈ రక్తపరీక్షలు దొరుకుతాయి. తెల్లారి చూద్దామని ఇంట్లో ఇంజెక్షన్ వేయించుకుని పడుకుంటే, మర్నాటి రిపోర్టు మామూలుగా వచ్చి దారి మూసుకుపోవచ్చు.

అల్ట్రాసౌండ్ తర్వాత మెట్టు ఎంఆర్‌ఐతో పిత్తనాళాన్ని చూసే ఎంఆర్‌సీపీ, లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. రెండూ నాళాన్ని గాయపరచకుండా చూపిస్తాయి. ఆపరేషన్‌లో వేసిన టైటానియం క్లిప్పులు ఎంఆర్‌ఐకి అడ్డం కావు. నోటిగుండా గొట్టం వేసి నాళం ముఖద్వారం తెరిచే ఈఆర్‌సీపీ ఇప్పుడు చికిత్స కోసమే గానీ పరీక్ష కోసం కాదు. నాళం ముఖద్వారాన్ని కోసి రాయి తీసే పద్ధతి 1974లో జర్మనీ, జపాన్‌లలో దాదాపు ఒకేసారి మొదలైంది. తెలుగునాట దీన్ని విస్తారంగా అందుబాటులోకి తెచ్చినవారిలో ప్రముఖులు డి. నాగేశ్వర్ రెడ్డి. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, మద్రాసు మెడికల్ కాలేజీలో ఎండీ చదివిన ఆయన హైదరాబాద్‌లో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ప్రపంచంలోనే ఎండోస్కోపీలు ఎక్కువగా జరిగే చోట్లలో ఒకటి. చెన్నైలో ఎన్. రంగభాష్యం మద్రాసు మెడికల్ కాలేజీలో జీర్ణకోశ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం నిలబెట్టారు. కాబట్టి రాయి తేలితే తీయగలిగే చేతులకు ఈ రెండు నగరాల్లో కొరత లేదు.

కొరత ఉన్నది సంయమనానికి. రాయి లేదు, నాళం వెడల్పు కాలేదు, రక్తపరీక్షలు మామూలే, కానీ నొప్పి ఉంది. అలాంటివారికి ఒడ్డి వలయం బిగుసుకుందని భావించి దాన్ని ఎండోస్కోపీతో కోసేయడం ఏళ్ల తరబడి సాగింది. అది నిజంగా పనిచేస్తోందా అని పరీక్షించింది అమెరికాలోని ఎపిసోడ్ అధ్యయనం. పీటర్ కాటన్ నాయకత్వంలో 214 మందిపై జరిగిన ఆ అధ్యయనం 2014లో వెలువడింది. వలయాన్ని నిజంగా కోసినవారిలో నూటికి 23 మందికి నొప్పి తగ్గింది. కోయకుండా, కోసినట్టు నటించి పంపినవారిలో 37 మందికి తగ్గింది. కోత వల్ల లాభం లేదని తేలిపోయింది. ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం వాచే ప్రమాదం ఇలాంటి రోగుల్లోనే అందరికన్నా ఎక్కువ. ఆ వాపు ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. రోమ్ 4 ఆ రోగ విభాగాన్నే తొలగించింది. నాళం వెడల్పై, ఎంజైములు కూడా పెరుగుతుంటే మాత్రం వలయం నిజంగా సన్నబడి ఉండవచ్చు, అక్కడ కోతకు అర్థం ఉంది. రెండూ లేకుండా ఎవరైనా కోద్దామంటే రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు.

కోడీన్, మార్ఫిన్ లాంటి మందులు ఒడ్డి వలయాన్ని బిగిస్తాయి. దగ్గుకు వేసుకున్న కోడీన్ సిరప్ తర్వాత తీవ్రమైన పిత్తనాళ నొప్పి రావడం పిత్తాశయం లేనివారిలో తెలిసిన సంగతే. డాక్టరుతో చెప్పాల్సిన వివరాల్లో ఇదొకటి.

పిత్తాశయానికి సంబంధం లేని కారణాలు

ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు, జీర్ణాశయపు పుండు, పెద్దపేగు చికాకు, ఇవన్నీ ఆపరేషన్‌కు ముందూ ఉండి ఉంటాయి. వాటికి ఎండోస్కోపీ, హెలికోబాక్టర్ క్రిమి పరీక్ష, తిండి అలవాట్ల మార్పు అవసరం. పేగు నరాల సున్నితత్వం వల్ల వచ్చే నొప్పికి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ వాడతారు. అది డిప్రెషన్ మందుగా పేరుపడినందువల్ల “నాకు పిచ్చి అనుకుంటున్నారా” అని వద్దనేవారు ఎక్కువ. ఇక్కడ దాన్ని వాడేది నరాల నొప్పికి.

దక్షిణ భారతంలో దీర్ఘకాలిక క్లోమవ్యాధి మిగతా ప్రాంతాల కన్నా ఎక్కువగా కనబడుతుంది. మద్యం తాగనివారికి, చిన్న వయసులోనే, క్లోమంలో రాళ్లు కట్టి, తర్వాత మధుమేహం వచ్చే రకం ఇది. వీపులోకి గుచ్చుకునే నొప్పి, బరువు తగ్గడం, నూనె తేలే విరేచనం దీని గుర్తులు. ఇలాంటివారికి పిత్తాశయ రాళ్లు కూడా కనబడి ఆపరేషన్ జరిగితే నొప్పి తగ్గదు. పొట్ట క్షయ కూడా ఈ దేశంలో మరచిపోరాని కారణం. ఇంకోటి గుండె. గుండె కిందిభాగానికి రక్తం అందకపోతే నొప్పి పొట్ట పైభాగంలో వస్తుంది. యాభై దాటినవారికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, నడిస్తే పెరిగి ఆగితే తగ్గే పైపొట్ట నొప్పి ఉంటే ఈసీజీ ముందు, కడుపు పరీక్షలు తర్వాత.

తీసిన పిత్తాశయాన్ని పాథాలజీకి పంపుతారు. ఆ రిపోర్టు వారం తర్వాత వస్తుంది, ఊరికి వెళ్లిపోయినవారు తెచ్చుకోరు. పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ. అయినా రాళ్లకని తీసిన పిత్తాశయాల్లో అప్పుడప్పుడు అనుకోకుండా క్యాన్సర్ బయటపడుతుంది. తొలిదశలో తెలిస్తే మళ్లీ సరైన ఆపరేషన్‌తో నయం చేసే అవకాశం ఉంది.

తిండి విషయంలో జీవితాంతం నూనె మానేయాలన్న నియమం ఏ ప్రామాణిక గ్రంథంలోనూ లేదు. మొదటి కొన్ని వారాలు తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు తిని, తర్వాత మామూలు భోజనానికి రావచ్చు. రోజంతా పస్తుండి రాత్రి ఒక్కసారి బిర్యానీ తింటే మాత్రం విరేచనాలూ ఉబ్బరమూ ఖాయం. పరగడుపున చిక్కటి ఫిల్టర్ కాఫీ మానేయడంతోనే కొందరికి సగం బాధ తగ్గుతుంది.

చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని ఊరికి బయలుదేరే ప్రతి ఒక్కరూ మూడు కాగితాలు అడిగి తీసుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, పాథాలజీ రిపోర్టు. తర్వాత ఎప్పుడైనా వణుకుతో జ్వరం, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, మందుకు లొంగని పైపొట్ట నొప్పి వస్తే ఆ కాగితాలు పట్టుకుని తెల్లవారేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.